రాణి కలర్ జిట్టంగి

జర ఇట్ల కూసోన్రి, చాయ్ వచ్చెదాక చెప్తా. డిపార్ట్‌మెంట్ మొత్తం నన్ను జూసి "రాణి, రాణి" అని ఎందుకు నవ్వుతున్నదో మీకు సగమే తెలుసు. ఆ సగం మా ఇంటామె సరిత చెప్పింది. మిగతా సగం నా నోటితోని ఇనున్రి, ఇన్నంక నవ్వుకోన్రి. పోయిన నెల ఒక ఐతారం పొద్దుగాల నా గుండె ఆగినంత పనైంది.

నాకు పిట్టలు జూసే పిచ్చి ఉన్నదని మీకెరుకే గదా. దాన్ని అంటించింది రామంతాపూర్ల ఉండే మా సార్. బడిల నాకు సైన్సు చెప్పిన్రు, ఇప్పుడు రిటైరైన్రు. చలికాలం వచ్చిన పిట్టలన్ని ఎండలు మొదలైతుంటే మళ్ల ఉత్తరం దిక్కు పోతయ్. ఆ రెండు నెలలు పిట్టలు జూసే మా గుంపుల ఎవలకు ఏం కనవడ్డా సార్‌కు ఫోన్ చెయ్యాలె. సార్ వచ్చి సొంత కండ్లతోని జూస్తేనే పెద్ద రిజిస్టర్ల ఎక్కుతది. ఒక్కడు జూసిన పిట్ట లెక్కల రాదు, అది రూలు.

నేను రెండుసార్లు ఫోన్ చేసిన. మొదటిసారి ఉప్పల్ల సెల్ టవర్ మీద పెద్ద గద్ద కూసున్నదన్న. సార్ వచ్చి దుర్బిన్ పెట్టి జూసిన్రు. నల్ల ప్లాస్టిక్ కవర్. రెండోసారి చెరువుల ఫ్లెమింగో ఉన్నదన్న. గులాబి మెడ, మంచిగ వంపు తిరిగి, నీళ్లల్ల నిలబడి ఉన్నది. సార్ చానాసేపు జూసి దుర్బిన్ నా చేతిల పెట్టి, "యాదగిరీ, దండం పెట్టుకో" అన్నరు. చెరువుల నీళ్లు తగ్గినయ్ గదా, నిమజ్జనం చేసిన వినాయకుని తొండం బయటికొచ్చింది.

ఆ రోజు ఆటో ఎక్కుకుంట సార్ ఒక్క మాటన్నరు. "నా మోకాళ్లు ఆపరేషన్ దాక వచ్చినయ్ రా. మూడోసారి గూడ గిట్లనే అయితే, నువ్వు ఎంత పిలిచినా నేను రాను." కోపంగ అనలే, మెల్లగ అన్నరు. అందుకే ఎక్కువ తగిలింది. ఆ రిజిస్టర్ల నా పేరు మీద ఒక్క లైను పడాలెనని నాకు ఎంత ఆశ ఉండెనో మీకు తెల్వదు. సార్ రాకుంటే ఆ ఆశ గూడ ఖతం.

ఇగ ఆ ఐతారం. నాచారంల మాది మూడో అంతస్తు, మీద టెర్రస్. నోట్ల బ్రష్ పెట్టుకొని మెట్లెక్కిన. పిట్టగోడ మీద జిట్టంగి కూసున్నది. ఎప్పుడూ తోక ఆడిస్త ఉంటదే, ఇంగ్లీషుల వాగ్‌టెయిల్ అంటరు, అది. దాని మొహం, పొట్ట తెల్లగ ఉండాలె. దీనికేమో మొహం గులాబి, రొమ్ము గులాబి, పొట్ట గులాబి. పెండ్లిల కట్టే పట్టుచీర లెక్క మెరుస్తున్నది. నేను బిగుసుకపోయిన. పేస్టు నురుగు గొంతులకు పోయింది, దగ్గుదామంటే పిట్ట లేస్తదేమో అని భయం. కండ్లపొంటి నీళ్లు కారుతున్నయ్ గని దగ్గలే.

కిందికి ఉరికి పుస్తకం తెచ్చి మూడుసార్లు తిరగేసిన. అసొంటి పిట్ట లేదు. ఫోన్ తీసిన, పెట్టిన, మళ్ల తీసిన.

"సార్, ఇది మూడోసారి" అన్న.

"కదులుతున్నదా?" అని అడిగిన్రు.

"తోక ఆడిస్తున్నది సార్."

"కవర్ గూడ ఆడుతది."

"పురుగును పట్టి తిన్నది సార్. నా కండ్లతోని జూసిన."

రంగు చెప్పిన. పుస్తకంల లేదని చెప్పిన. "వస్తున్న" అన్నరు.

ఉప్పల్ రింగ్ రోడ్డు కాడ ఫ్లైఓవర్ పనికని రోడ్డంత తవ్విపెట్టిన్రు గదా, రెండు షేర్ ఆటోలు మారి వచ్చిన్రు. వెంట నారపల్లి నుంచి బ్యాంకుల పనిచేసే మేడం గూడ వచ్చింది. మా గుంపుల పెద్ద లెన్సు కెమెరా ఉన్నది ఆమె ఒక్కదానికే. సార్ రెయిలింగ్ పట్టుకొని ఒక్కొక్క మెట్టు ఎక్కుతుంటే నా పానం పోతున్నది. రెండో అంతస్తుల మెట్ల మీదనే కూలబడి మోకాలు ఒత్తుకున్నరు. పిట్ట లేకుంటే నేను గిట్లనే కిందికి దుంకాలె అనుకున్న.

పైకొచ్చి జూస్తే పిట్ట లేదు.

సరిత చాయ్ తెచ్చింది. ముప్పావు గంట కూసున్నం. మేడం టైం జూసుకుంటున్నది. నేను మొహం ఎటు పెట్టాల్నో తెల్వక ఆరేసిన బట్టలు సదురుతున్న. అప్పుడు వచ్చి వాలింది, అదే గోడ మీద.

సార్ దుర్బిన్ ఎత్తిన్రు. "అరే" అన్నరు. మేడం కెమెరా టకటకటక కొట్టుకుంటనే ఉన్నది. సార్ రిజిస్టర్ తీసి తేది రాసిన్రు, నాచారం అని రాసిన్రు, చూసినవారు యాదగిరి అని రాసిన్రు. నా పేరు.

పిట్ట పేరు కాడికొచ్చి పెన్ను ఆగింది. ఏం పేరు పెట్టాల్నో అని సార్ ఆలోచిస్తుంటే, పిచ్చుక ఒకటి వచ్చి జిట్టంగి పక్కకే కూసున్నది. దాని పొట్ట గూడ గులాబి.

సార్ నా దిక్కు జూసిన్రు. నేను మేడం దిక్కు జూసిన. ఇంతల మా ఇంటి ఓనర్ పెంచే తెల్ల పావురం దిగింది, మెడ నుంచి తోక దాక గులాబి. దాని ఎన్క కాకి వచ్చింది. దాని నల్లరంగు మీద ఏం కనవడుతది, ముక్కు ఒక్కటే జర ఎర్రగున్నది.

మేడం కెమెరా దించింది. "సార్, ఇవన్నీ కొత్త జాతులేనా?" అన్నది.

"యాదగిరీ, పిట్టలకు నీళ్లు దేంట్ల పెడ్తున్నవ్ రా?" అని అడిగిన్రు సార్.

నేను నోరు తెరిచేలోపే, ఖాళీ గ్లాసులు ఏరుకుంటున్న సరిత అందుకున్నది. "ఆ మూలకున్న టబ్బుల సార్. నీళ్లు ఎర్రగ దిగుతున్నయ్ జూడుమని శుక్రారం సంది మొత్తుకుంటున్న. ఈయన వింటడా? బోరు నీళ్లు, తుప్పు ఉంటది అన్నడు."

ఆ టబ్బు మీకు తెలుసు. మన డిపార్ట్‌మెంట్ల దారానికి రంగులు కలిపే కాడ చెవి విరిగి పడి ఉండె, నల్లది. ఇన్‌చార్జిని అడిగే తీసుకపోయిన. కడిగిన గూడ. కడిగిన అంటే, నీళ్లు పోసి తిప్పి పారబోసిన. అంచు మడత లోపల ఎండిపోయిన రంగు గడ్డకట్టి ఉన్నది, ఎండకు నీళ్లు కాగి కరిగింది. నల్ల టబ్బుల ఏం తెలుస్తది? చెయ్యి ముంచి తీసిన. రాణి కలర్.

పదకొండేండ్ల సంది నా పనేంది? షేడ్ మ్యాచింగ్. దారం ముక్క చూపిస్తే నంబర్ చెప్తా. ఆ రాణి కలర్ లాటు ఆ వారమే మంగళారం నాడు నేనే జూసి, నేనే సంతకం పెట్టి పాస్ చేసిన. అదే రంగుకు రెక్కలొచ్చి నా గోడ మీద కూసుంటే పుస్తకం తెచ్చి ఎతికిన.

సిగ్గు తర్వాత సంగతి, ముందు భయం పట్టుకున్నది. "సార్, పిట్టలు చస్తయా?" అని అడిగిన. "ముందు ఆ నీళ్లు తియ్యి" అన్నరు. పారబోసిన. సరిత వెడల్పు మట్టి మూకుడు తెచ్చి మంచి నీళ్లు నింపింది. సార్ ఆ మోకాళ్లతోనే ఇంకో గంట కూసున్నరు. పిచ్చుక వచ్చి బుడబుడ తానం చేసి జర తెల్లబడి, గింజలు తినుకుంట కూసున్నంక గని ఆయన లేవలే.

పోయేటప్పుడు నేను తల వంచుకొని, "సార్, ఆ లైను కొట్టెయ్యిన్రి" అన్న.

"ఎందుకు రా? పిట్ట ఉన్నది, రంగు ఉన్నది. ముగ్గురం జూసినం. రూలు రూలే" అన్నరు. ఆగిపోయిన కాడ పెన్ను పెట్టి రాసిన్రు. నాకు చూపించిన్రు గూడ. "తెల్ల జిట్టంగి, ఒకటి. రంగు వేసినవారు: యాదగిరి."

"మరి మూడోసారి సంగతి సార్?"

"ఇది లెక్కల రాదు. నువ్వు అబద్ధం చెప్పలే గదా. ఇంకో ఫోన్ చెయ్యి, కడిగి చెయ్యి."

పావురం, పిచ్చుక వారంల మామూలైనయ్. జిట్టంగి మాత్రం ఎన్ని తానాలు చేసినా గొంతు కింద రాణి కలర్ వదల్లే. మనం పంపిన దారమేమో రెండు ఉతుకులకే ఎలిసిపోతున్నదని కొన్న పార్టీ వాపస్ పంపిండు. ఆ పిట్టను చూపించి ఉంటే ఇంకో ఆర్డర్ ఇచ్చేటోడు.

నిన్న సార్ ఫోన్ చేసిన్రు. "జిట్టంగులన్ని ఉత్తరం పోయినయ్ రా. నీ రాణి గూడ పోయినట్టున్నది." టెర్రస్ ఎక్కి జూసిన, నిజంగనే లేదు. రాత్రి సరితకు చెప్పుకుంట కూసున్న. ఏ మంచుకొండల కాడనో నా అసొంటోడే ఒగడు ఈ పొద్దు నోట్ల బ్రష్ పెట్టుకొని బిగుసుకపోయి నిలబడి ఉంటడు. పుస్తకం మూడుసార్లు తిరగేసి ఉంటడు. మోకాళ్లు నొచ్చే ముసలి సారొకాయన వానికి గూడ ఉండే ఉంటడు.

పాపం, వానికది ఎన్నో ఫోనో ఏమో.