చెవిలో చెప్పిన మాట

యుద్ధం రోజులు. నరసరావుపేటలో గురజాల వెళ్ళే బస్సుకి, పెట్రోలు దొరక్క తగిలించిన బొగ్గు పొయ్యి ఇంకా రాజుకోలేదు. వడ్రంగి చక్రాలు బిగించిన కుర్చీలో భర్తను తోసుకుంటూ ఒకామె వచ్చింది. చింతచెట్టు మీంచి పడి ఆయన నడుం విరిగిందట, కాళ్ళు కదలవు. ఎక్కిద్దామని, బస్సు కోసం కూర్చున్న మేం నలుగురం లేచాం.

"ఎవురూ పట్టొద్దు. తలా ఒక పక్క లాగితే ఈయన నడుం ఏంగాను?" అంది.

ఆయన చేతులు తన మెడ చుట్టూ వేయించుకుంది. పదిమందిలో ఆ వాటేసుకోవడం చూడలేక ఓ ముసలాయన మొహం తిప్పుకున్నాడు. ఆమె భర్త చెవిలో ఏదో చెప్పింది. ఆయన పకపకా నవ్వాడు. ఆ నవ్వులోనే ఎత్తి సీట్లో కూర్చోబెట్టింది.

"ఏం చెప్పావమ్మా?" ఉండబట్టలేక అడిగాను.

"భయపడితే కొయ్యలా బిగుసుకుంటాడు, అన్నా. నవ్వితే ఒళ్ళు వదులవుద్ది. చెప్పిందేందో నీకెందుకూ?"

గురజాలలో వాళ్ళు దిగేటప్పుడు బస్సంతా చెవులు రిక్కించింది. నవ్వు తప్ప ఏమీ వినపడలేదు.

చాలా ఏళ్ళకు, జబ్బుపడ్డ నా భార్యను మంచం మీంచి లేపబోతూ ఆమె చెవి దగ్గరకు వంగాను. ఒక్క మాటా తోచలేదు.

"ఏందయ్యా?" అంది.

"ఏం లేదు," అన్నాను.

ఎందుకో ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగేలోపే ఎత్తాను.