పై గిన్నెలో ఐసు

పోయిన సోమవారం పొద్దున పాకాల స్టేషన్లో తిరుపతి బండి కోసం నిలబడి ఉంటే మా ల్యాబు అటెండరన్న ఫోన్ చేశాడు. "మ్మా, సారు పోయినాడు. తెల్లార్తో లేపితే లేయలేదంట" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు. ఆయన బల్ల మీదున్న నా పేపరు గుర్తొచ్చింది. ఇంకా జర్నలుకు పంపలేదు కదా అనుకున్నాను. గురువు పోయాడంటే ఎవరైనా ఇలా అనుకుంటారా? సిగ్గుగానే ఉంది, కానీ జరిగిందదే.

ఆయన నా పరిశోధనకు గైడు. నాడీకణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే చిన్న ప్రోటీన్ తునకల్ని న్యూరోపెప్టైడ్లంటారు. ఆ కబురు అందుకునేవి కణం పైపొర మీదుండే రిసెప్టర్లు. సారు జీవితం ఆ రెండింటి మధ్యనే గడిచింది. నొప్పి మందు కొన్నాళ్లకు ఎందుకు పనిచేయదని అడిగితే, "ఇంటికి సుట్టాలు ఒకరెనక ఒకరు వస్తా వుంటే మొదట్లో ఎదురుపోతాం. పోను పోను తలుపు తీసేదానికి గూడా లేయం. రిసెప్టరు గూడా అట్నే అలిసిపోతాదేమో, సూడాల" అనేవారు. ఆ 'సూడాల' అన్నదే నా థీసిస్.

పెప్టైడు పాలకన్నా తొందరగా చెడిపోతుంది. ఫ్రీజర్లోంచి తీస్తే ఐసులోనే పెట్టాలి, ఆ పూటే వాడాలి, మిగిలింది పారేయాలి. మా ఐసు మిషను పాడై ఏళ్లయింది. సారు రోజూ శ్రీకాళహస్తి బస్సు దిగి, బస్టాండు దగ్గర జ్యూసు కొట్టులో స్టీలు క్యారియరు నింపించుకుని వచ్చేవారు. పై గిన్నెలో నా ఐసు, కింది గిన్నెలో ఆయన పెరుగన్నం. ఒకసారి కంగారులో పెప్టైడు ట్యూబులు పెరుగన్నంలో గుచ్చబోయాను. "దానికి గూడా ఆకలేస్తా వుందా పాపా?" అని నవ్వారు.

ఏ ఫలితం చూపించినా మూడుసార్లు అడిగేవారు, "నమ్మకమేనా పాపా?" అని. ఔనంటే ఊరికే తలూపేవారు. "తెలీదు సార్" అంటే మాత్రం ముఖం విప్పారేది. "ఆ మాట చెప్పేదానికే గదా మనం ఈడికి వచ్చింది" అనేవారు.

మే నెలలో ఒక సాయంత్రం బండి తప్పిపోతుందని పరుగెత్తుతూ పెప్టైడు ట్యూబు బల్ల మీదే మర్చిపోయాను. మర్నాడు చూస్తే అక్కడే ఉంది, వేడిగా. పారేయాల్సింది. కొత్త పెప్టైడు రావాలంటే నెలలు పడుతుందని, ఎవరూ చూడకుండా మళ్లీ ఫ్రీజర్లో పెట్టేశాను. మంచి ట్యూబుల్లో ఒక్కో డోసుకే ఉందని, ఆ వారం పరీక్షల్లో కణాల మీద మొదటి డోసు మంచి ట్యూబులోంచి వేశాను, రెండోది ఆ చెడిన దాన్లోంచి. కంప్యూటర్లో కణాల స్పందన చూపే గీత మొదటి డోసుకు నిటారుగా లేచింది, రెండోదానికి సగం కూడా లేవలేదు. రిసెప్టరు అలిసిపోయిందని ల్యాబంతా సంబరపడింది. అలిసింది రిసెప్టరా, చెడింది పెప్టైడా అన్న అనుమానం నా ఒక్కదానికే.

సారు మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ "నమ్మకమే సార్" అన్నాను. ఆ తర్వాత వరండాలో క్యారియరు చప్పుడైతే చాలు, తల దించుకుని ఏదో పనిలో పడేదాన్ని. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ రెండు నెలలు గడిపాను. ఆ సోమవారం చెప్పేయాలనే బయలుదేరాను.

మూడో రోజు వాళ్లింటికి వెళ్తే సారు భార్య కడిగి బోర్లించిన క్యారియరు నా చేతిలో పెట్టింది. "ఇది నీకే పాపా. మీ సారు ఒకటే మాట అంటా వుండె. ఆ పాప ఏందో చెప్పలేక అవస్థ పడతా ఉండాది, నేనడిగితే ఇంకా బెదురుతాది, ఆ పాపే చెప్పనీ, అందాకా పేపరు కదిలించేది లేదు అని. ఏందమ్మా అది?"

ఆయనకు చెప్పాల్సిందంతా ఆమెకు చెప్పాను. అప్పుడు ఏడ్చాను. ఆమె కొంగుతో నా ముఖం తుడిచి, "పోయి మళ్లా చేసి సూడు. దానికేముండాది" అంది.

ఈ రోజు పొద్దున క్యారియరు చూడగానే జ్యూసు కొట్టతను నేను అడక్కముందే ఐసు పోశాడు. "సారు రాలేదా మ్మా?" అన్నాడు. తల అడ్డంగా ఊపి వచ్చేశాను.

సారు తన పనికని దాచుకున్న ట్యూబొకటి ఫ్రీజర్లో ఉంది. దాన్ని ఐసులో పెట్టి, మొదటి డోసు వేశాను. గీత లేచింది. అప్పటంత సేపే ఆగి, అందులోంచే రెండోది వేశాను. మళ్లీ లేచింది, మొదటిదానంత ఎత్తు. రెండు నెలలు నేను దాచింది తెర మీద నిలబడి ఉంది.

అటెండరన్న వెనకనుంచి తొంగిచూసి, "బాగొచ్చినట్టేనా మ్మా?" అన్నాడు.

"ముందు చేసింది తప్పన్నా. ఇది నిజమో కాదో తెలీదు. రేపు మళ్లా చేయాల."

పైకి అన్నాక అలవాటుగా ఆయన కుర్చీ వైపు చూశాను. బల్ల మీద క్యారియరు విప్పి ఉంది. పై గిన్నెలో ఐసు సగం కరిగింది. కింది గిన్నె ఖాళీగా ఉంది.