అద్దంలా రుద్దిన రింగు

కోటప్పకొండ తిరునాళ్ళ ముగిసిన వారం, రెంటచింతల దగ్గరి మా ఎత్తిపోతల పంపు ఆగిపోయింది. మిర్చికి చివరి తడులు అందవలసిన రోజులవి. కాలువ చివరన ఉన్న మా రెండెకరాలతో సహా ఆయకట్టంతా వాడుముఖం పట్టింది. పంపు షాఫ్టు వెంట నీరు బయటికి రాకుండా ఆపే సీలు కాలిపోయింది. ఆ ఏడాది అది మూడోసారి.

సీలు అంటే ఒకదాన్నొకటి ఒత్తుకొని ఉండే రెండు రింగులు. ఒకటి షాఫ్టుతో తిరుగుతుంది, రెండోది కదలదు. నడుమ, వెంట్రుక మందంలో నూరో వంతు నీటిపొర నిలవాలి. అది తెగిందంటే ముఖాలు రాసుకొని మాడిపోతాయి.

మా ఇంట్లో డిగ్రీ అందుకున్న మొదటి మనిషిని నేను. ఎం.టెక్.లో నా పని ఆ పొర గురించే. రెంటిలో గట్టి రింగు ముఖం మీద లేజరుతో సన్నని గుంటలు చెక్కితే, తిరిగేటప్పుడు వాటిలోని నీరు ఒత్తిడి పెంచి ముఖాలను రవ్వంత ఎడంగా నిలుపుతుంది. కళాశాలలో అలాంటివి రెండే రింగులు చేయించగలిగాను. వాటిని బిగించి చూడటానికి పంపు కమిటీ ఒప్పుకున్నాక, ఆ సాయంత్రమే మా వీధిలోని ఫిట్టరుకు అప్పగించాను. ముప్పై ఏళ్ళుగా పంపులు విప్పుతున్న ఆయనను చిన్నప్పటి నుంచి బాబాయ్ అని పిలుస్తాను.

మరునాడు పంపుహౌసుకు వెళ్ళేసరికి ఆయన గాజుపలక మీద వజ్రపు పేస్టు పూసి ఒక రింగును రుద్దడం ముగించాడు.

"ఏంది అమ్మాయ్, కొత్త సామానని అమ్మోరు పోసిన మొహాన్ని తెచ్చావు? తెల్లారినకాడి నుంచి రుద్దితే ఇప్పటికి అద్దమైంది, చూడు!"

ఒక్క గుంట కూడా మిగలలేదు. ఆయన అనుభవంలో గుంటలు పడ్డ రింగంటే అరిగిపోయిన రింగు. కళాశాలలో ఈ విషయంపై గంటసేపు మాట్లాడిన నేను, ఆయనకు మాత్రం ఒక్క వాక్యమైనా చెప్పలేదు. ఆ తప్పు నాది.

"బాబాయ్, ఆ గుంటలు కావాలనే చెక్కించాం."

"చెక్కించారా? ఆ ముక్క నిన్ననే చెప్పొద్దూ!"

గుమ్మంలో నిలబడ్డ కమిటీ పెద్ద విసుక్కున్నాడు. "ఒరేయ్, ఏదో ఒకటి బిగించండ్రా. చేలు చచ్చిపోతన్నయ్. ఈ అమ్మాయి చదువు పంట పండిందాకా ఆగమంటావా?"

నునుపు చేసిన రింగు బిగిస్తే పంపు వెంటనే తిరుగుతుంది. కానీ అలాంటి నున్నని రింగులే కదా మూడుసార్లు మాడింది. ఒక్క పూట గడువు అడిగి, రెండో రింగును బయటికి తీశాను. పేస్టు కడిగేసి తడిపిన గాజుపలక మీద బోర్లించి తిప్పమని బాబాయ్‌తో అన్నాను. ఆయన తిప్పాడు, ఆగాడు, మళ్ళీ తిప్పాడు; రింగు పలకకు అంటకుండా జారుతోంది.

"వానలో సిమెంటు రోడ్డు మీద బండి టైరు తేలుద్దే, అట్టాగా?"

"అచ్చం అట్టాగే, బాబాయ్."

"మరి పొడిగా తిప్పితే ఇదీ మాడుద్ది. ముందు గాలంతా వదిలి నీళ్ళు నింపాల."

నేను చెప్పబోతున్న జాగ్రత్తను ఆయనే చెప్పాడు. ఇద్దరం కలిసి బిగించాం. నీరు నింపి స్విచ్ వేశాక, ఆయన సీలు మూత మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు తీయలేదు.

"వెచ్చబడింది. కాలట్లా," అన్నాడు చివరికి.

కమిటీ పెద్ద వంగి చూశాడు. "కారటం కూడా లేదే! తిరగతందా అసలు?"

"కాలవలో దిగి చూడు, తెలుసుద్ది," అన్నాడు బాబాయ్.

నీరు చివరి చేలకు చేరడానికి మూడు రోజులు పడుతుంది. అప్పటిదాకా పంపుహౌసు వదలలేదు. గంట గంటకూ మూత మీద చెయ్యి పెట్టి చూసి కాగితం మీద రాసుకున్నాను. గుంటలున్న రింగు మరొకటి లేదు.

మూడో నాటి మధ్యాహ్నం మా చేనుకు నీరొచ్చిందని తెలిసి, పంపును బాబాయ్‌కి అప్పగించి అక్కడికి వెళ్ళాను. నాన్న పారతో మడవ తీసి నీటిని సాళ్ళలోకి వదిలాడు. గట్టు పక్కనున్న నాలుగు సాళ్ళు అప్పటికే ఎండిపోయాయి. మిగిలిన మొక్కల మొదళ్ళు తడవడం చూసి, గట్టు మీదే కూర్చొని, మరో నాలుగు రింగులు కావాలని కళాశాలకు ఉత్తరం మొదలుపెట్టాను.