ఇనుము ఒక్కటే అన్నాను

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఎవరైనా నా పనిని మెచ్చుకున్నప్పుడల్లా అది లోపల కదులుతుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకైతే, రేపు దీన్ని ఎక్కడ వాడుకుంటారోనన్న అనుమానం ముందు వస్తుంది. నా స్వభావమే అంత. కూరగాయలమనిషి నవ్వుతూ తూకం వేస్తే నేను ఆమె ముఖం చూడను, తక్కెడ చూస్తాను.

మాది గోదావరి వైపు. ఉద్యోగం రియాద్‌లో, ఒక పరిశోధన సంస్థలో. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ మీద పనిచేస్తాను. మామూలు మైక్రోస్కోప్ వెలుతురుతో చూస్తుంది, ఇది ఎలక్ట్రాన్లతో చూస్తుంది. లోహంలో పరమాణువులు ఎలా బారులు తీరి ఉంటాయో కూడా కనబడుతుంది. దాని కోసం కట్టిన గదిలో గట్టిగా మాట్లాడినా తెర మీద బొమ్మ వణుకుతుంది. ఆ గదిలో నేను సుఖంగా ఉండేదాన్ని. అక్కడ మనుషులను నమ్మాల్సిన పని లేదు.

ఖాదర్ నా తర్వాత చేరాడు. అది అతని అసలు పేరు కాదు. కడప జిల్లావాడు, నాకంటే చిన్నవాడు, నాలాగే సైంటిస్టు. మొదటిరోజే "అక్కా" అన్నాడు. తెలుగు మాట విని ఎంత సంతోషించానో, ఈ చనువు వెనక ఏముందోనని అంతే అనుమానించాను. బాగా పనిచేసేవాడు. అది ఇంకా ఇబ్బంది. మా విభాగానికి అధిపతి పదవి ఖాళీ అవబోతోందని, అది మా ఇద్దరిలో ఒకరికి వస్తుందని అందరూ అనుకునేవారు.

నమాజు వేళకు ఖాదర్, సౌదీ అధికారులు కలిసి వెళ్లేవారు. తిరిగొస్తూ ఏదో చెప్పుకుని నవ్వుకునేవారు. నా గురించేనా? పదవి గురించా? నేను వెళ్లలేని చోట నా సంగతి తేలిపోతోందా? ఒకసారి మక్కా నుంచి వచ్చి ఖర్జూరాలు ఇచ్చి, "నీకోసం గూడా దువా చేసినా అక్కా" అన్నాడు. నాకోసం ప్రార్థించాల్సిన అవసరం ఇతనికేమిటి, అనుకున్నాను. ఖర్జూరాలు బాగున్నాయి. తింటూనే అనుకున్నాను.

ఆ రంజాన్‌లో ఉపవాసం ఉన్నవాళ్లు పెందలాడే వెళ్లిపోయేవారు. మధ్యాహ్నాలు మైక్రోస్కోప్ నాదే. కొద్దిగా కోబాల్ట్ కలిపిన ఇనుప పొడి మీద నేను పనిచేస్తున్నాను. ఆ పొడికి అయస్కాంత గుణం ఉంది. ఈ యంత్రంలో కటకాలంటే అయస్కాంతాలే. అలాంటి పొడిని అలాగే లోపల పెడితే రేణువులు లేచి కటకానికి అతుక్కుంటాయి, ఆ తర్వాత ఎవరు చూసినా బొమ్మ ఒకవైపుకు సాగిపోయి కనబడుతుంది. అందుకని పొడి మీద పల్చటి కార్బన్ పొర వేసి కదలకుండా చేయాలి. మా పనిలో చేరినవాళ్లకు మొదట చెప్పే పాఠం అది. నేనే చెప్పేదాన్ని.

ఆ రోజు నేను పొర వేయలేదు. పొర వేసే యంత్రం దగ్గర వేరేవాళ్లు ఉన్నారు. ఖాదర్ కంటే ముందు నా ఫలితాలు డైరెక్టర్ ముందు పెట్టాలని తొందర. ఈ ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను. చివర్లో బొమ్మ కాస్త సాగినట్టు అనిపించింది. కళ్లు అలసిపోయాయని సర్దిచెప్పుకుని లేచాను. నిజంగా అలాగే అనుకున్నానా, లేక అప్పుడే తెలుసుకుని కూడా తెలియనట్టు లేచానా? ఎన్నిసార్లు అడిగినా ఈ ప్రశ్నకు నా నుంచి నమ్మదగిన జవాబు రాలేదు.

మర్నాడు పొద్దున ఖాదర్ కూర్చున్నాడు. బొమ్మ సరికాకపోతే తనే వెళ్లి డైరెక్టర్‌కు చెప్పాడు. దాచే మనిషయితే చెప్పడు కదా? కానీ చివరగా కూర్చున్నది అతను. అతను పనిచేసేది కూడా అయస్కాంత గుణం ఉన్న ఇనుప రేణువుల మీదే. అందరి చూపూ అతని మీదికి వెళ్లింది. నా చూపు అందరికంటే ముందు వెళ్లింది.

డైరెక్టర్ యూరప్ మనిషి, నిదానస్తుడు. నన్ను పిలిచి ఏమనుకుంటున్నావని అడిగాడు. ఖాదర్ మంచివాడేనన్నాను. ఉపవాసంలో ఉన్న మనిషికి పొద్దున్నే తల తేలిపోవడం సహజమనీ, దాన్ని తప్పుపట్టకూడదనీ అన్నాను. ఎంత మెత్తగా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే అసహ్యం వేస్తుంది. అతని ఉపవాసాన్నే అతని మీద సాక్ష్యంగా పెట్టాను. ఆయన తల ఊపాడు.

మైక్రోస్కోప్ తయారుచేసిన కంపెనీ ఇంజనీరు వచ్చి యంత్రం విప్పి, కటకానికి అతుక్కున్న నల్లటి రేణువులు తీశాడు. అది ఎవరి పొడో తేల్చాలి. ఆ పని డైరెక్టర్ నాకే అప్పగించాడు. అందరిలో ఎక్కువ అనుభవం ఉన్నది నాకేనన్నాడు.

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, నేను చేసింది ఏమిటో మీకు పూర్తిగా అర్థం కావాలి. రేణువు మీద ఎలక్ట్రాన్లు పడితే అందులోని ప్రతి మూలకం తన గుర్తుగా ఎక్స్‌రే వదులుతుంది. అవి తెర మీద గ్రాఫులో శిఖరాలుగా లేస్తాయి. ఇనుముకు ఒక పెద్ద శిఖరం, దాని పక్కన ఒక చిన్నది. కోబాల్ట్ పెద్ద శిఖరం సరిగ్గా ఇనుము చిన్న శిఖరం మీదికే వచ్చి పడుతుంది. చిన్నది ఉండాల్సిన దానికంటే ఎత్తుగా ఉంటే లోపల కోబాల్ట్ దాగి ఉందని అర్థం. ఇంకొంచెం కుడివైపున కోబాల్ట్‌కు మరో చిన్న గుబ్బ కూడా ఉంటుంది. అక్కడ చూస్తే అనుమానానికి తావుండదు.

నేను చూశాను. ఎత్తు చూశాను, గుబ్బ చూశాను. ఆ పొడి నాదే. అప్పటిదాకా నేను చేసింది పొరపాటు. దాన్ని అక్కడే ఆపి, డైరెక్టర్ గదికి నడిచి వెళ్లి ఉంటే పొరపాటుగానే మిగిలేది. నేను గ్రాఫు కుడి అంచును ఆ గుబ్బకు ఇవతలే కత్తిరించాను. ఇనుము అని ఒక్క మాట రాసి ఇచ్చాను. ఇనుముకు ఎలాగూ రెండు శిఖరాలు ఉంటాయి కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు. కోబాల్ట్ వాడేది నేనొక్కదాన్నే కనుక, అది లేదనగానే నేను బయటపడ్డాను, పొడి ఖాదర్‌దే అయింది.

ఖాదర్‌తో ఒప్పందాన్ని సంస్థ పొడిగించలేదు. ఇకామా, అంటే అక్కడ ఉండడానికిచ్చే అనుమతి, ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది కనుక ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని దేశం వదలాలి. వెళ్లేముందు నా గదికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నేను పొర వేసే పెట్టినా అక్కా. నాకు బాగా గ్యాపకం ఉండాది," అన్నాడు.

నేను బల్ల మీది కాగితాలు సర్దాను.

"ఆ గ్రాఫు నువ్వే చూసినావు గదా. ఇనుము ఒక్కటేనా?"

"ఒక్కటే ఖాదర్."

"ఇంకేం లేదా?"

"లేదు. కావాలంటే నువ్వూ చూడు," అన్నాను. కంప్యూటర్ వైపు చెయ్యి కూడా చాపాను. కత్తిరించని గ్రాఫు అందులోనే ఉంది. అతను ఒక్క నిమిషం చూసి ఉంటే దొరికిపోయేదాన్ని.

"నువ్వు చూసినాంక నేను మళ్లా చూసేదేముండాది? నువ్వు చెప్తే అంతే. నేనే యాడో మర్సిపోయింటా," అన్నాడు.

ఆ మాటతో తన చేతులనే తను నమ్మడం మానేశాడు. మా రంగం చిన్నది. యంత్రం పాడుచేశాడన్న పేరు వచ్చాక మరెవరూ అతన్ని మైక్రోస్కోప్ దగ్గరికి రానివ్వలేదు. ఇప్పుడు ప్రొద్దుటూరు దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాడు. పదవి నాకు వచ్చింది. ఆ తర్వాత వ్యాసాలు, సభలు, శాలువాలు కూడా వచ్చాయి.

ఇన్నేళ్లూ నేను అతన్ని అనుమానిస్తూనే ఉన్నాను. పండక్కి పలకరిస్తే తెలిసిపోయిందా అని భయం. పలకరించకపోతే ఎవరికి చెబుతున్నాడో అని భయం. అసలు ఆ రోజు చూడకపోవడం నమ్మకమా, లేక తెలిసి నన్ను వదిలేయడమా? దోషిని నేను. నిఘా అతని మీద పెట్టాను.

మొన్న అతని వాయిస్ మెసేజ్ వచ్చింది. తన విద్యార్థులతో ఆన్‌లైన్‌లో ఒక గంట మాట్లాడమని. "మా పిల్లోల్లకు నీ మాదిరి ఎట్ల పైకి రావాల్నో చెప్పక్కా" అన్నాడు. పదే పదే విన్నాను. గొంతులో వెటకారం ఉందేమోనని వెతికాను. నన్ను పదిమంది ముందు నిలబెట్టి అడుగుతాడా? చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ విన్నాను. ఏమీ దొరకలేదు. వెనక ఎవరో పిల్లలు అరుస్తున్నారు, అతను వాళ్లను ఆగమంటున్నాడు. అంతే.

ఎలా పైకి వచ్చానో చెప్పమన్నాడు. అందుకని ముందు అతనికే రాశాను. "ఖాదర్, ఆ పొడి నాది. అందులో కోబాల్ట్ ఉంది, నేను చూశాను. గ్రాఫు నేనే కత్తిరించాను. నువ్వు పొర వేశావు, మరిచిపోలేదు." క్షమించమని రాయలేదు. ఆ మాట రాస్తే మళ్లీ అతని దగ్గర ఏదో ఒకటి తీసుకున్నట్టే అవుతుందనిపించింది. డైరెక్టర్ ఎప్పుడో రిటైరయ్యాడు. ఆయన స్థానంలో ఉన్నవారికి కూడా ఇవే మాటలు పంపించాను. నా ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియదు.

ఖాదర్ చదివాడు. జవాబు రాలేదు. తిడతాడా, ఊరుకుంటాడా, ఆ మెసేజ్ నలుగురికీ చూపిస్తాడా, ఏదైనా చేయవచ్చు. కాస్త ఊపిరి ఆడుతున్న మాట మాత్రం నిజం. ఫోన్ బల్ల మీద ఉంది. అతను పరిచయమైనప్పటి నుంచి మొట్టమొదటిసారి, అతను ఏమనుకుంటున్నాడో కనిపెట్టాలని నాకు లేదు.