ఎడమకు తిరిగే స్క్రూ

పోయిన నెలలో ఒక ఆదివారం, ఆరాధన ముగిసి చర్చి మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుండగా నెల్లూరు జిల్లా కోట నుంచి ఫోన్ వచ్చింది. మా వదిన పోయిందని చెప్పారు. ఉదయం టీ తాగి, కళ్లజోడు తుడుచుకొని, పని బల్ల ముందు కూర్చున్నదట. అంతే. బల్ల మీద తెల్ల టవలు పరిచి ఉంది. దాని మీద ఇంకా ఏమీ విప్పలేదు. పని మధ్యలో వదిలిపెట్టి లేచే మనిషి కాదు ఆమె. మొదలుపెట్టక ముందే వెళ్లిపోయింది.

ఆమె మా అన్నయ్య భార్య. కోట మెయిన్ రోడ్డులో అన్నయ్యకు ఫొటో స్టూడియో ఉండేది. ఆయన ఫొటోలు తీసేవాడు, ఆమె కెమెరాలు బాగుచేసేది. మా వైపు ఉప్పుగాలికి ఇనుప గేట్లే నిలవవు, ఇక కెమెరాలెంత? తుప్పు పట్టినదాన్నల్లా నెల్లూరు పంపించి వారాల తరబడి ఎదురుచూడటం ఆమె వల్ల కాలేదు. డిగ్రీలో ఫిజిక్సు చదివింది, పైగా ఓపిక ఉంది. ఒకటి విప్పింది, మళ్లీ బిగించింది, అది పనిచేసింది. ఆ తర్వాత ఆ పని ఆమెదే అయిపోయింది.

పాత కెమెరాల స్క్రూలు ఆవగింజంత ఉంటాయి. ఒకదాని స్థానంలో ఇంకొకటి పట్టదు. అందుకే ఆమె ముందు అట్టముక్క మీద కెమెరా బొమ్మ గీసుకునేది. ఏ స్క్రూ ఎక్కడ నుంచి తీస్తే బొమ్మలో సరిగ్గా అక్కడే గుచ్చి పెట్టేది. వస్తువులు ఎక్కడివక్కడ ఉండాలనే నాలాంటిదానికి ఆ అట్టముక్క చూస్తే ప్రాణం హాయిగా ఉండేది. ఒకసారి నా కళ్లజోడు స్క్రూ ఊడితే వదిన నన్నే బిగించమంది. ఎంత తిప్పినా ఎక్కలేదు.

"బలవంతం చెయ్యబాకు మే," అంది. "ముందు వెనక్కి తిప్పు. టిక్‌మంటది. అప్పుడు బిగించు."

వెనక్కి తిప్పాను. వేలికొసకు చిన్న టిక్ తగిలింది. ఆ తర్వాత వెన్నలోకి దిగినట్టు దిగింది.

"పంతులమ్మకి పాస్ మార్కులు," అంది వదిన.

నేను నెల్లూరులో లెక్కల టీచరుగా పనిచేశాను. చేబదులు ఇచ్చిన గిన్నె తిరిగి రాకపోతే వాళ్లింటికి పోయి అడిగి తెచ్చుకునే మనిషిని. వదినకు నా ఈ గుణం మీద ఎన్ని వేళాకోళాలో.

అన్నయ్యకు ఇష్టమైనది ఒక జపాను కెమెరా. దాని మీద, ఫిల్ము తిప్పే మీటను పట్టి ఉంచే స్క్రూ ఒకటుంది. మామూలు స్క్రూలు కుడికి తిప్పితే బిగుస్తాయి. ఇది ఎడమకు తిప్పితే బిగుస్తుంది. ఆ సంగతి తెలియనివాళ్లు బిగిస్తున్నామనుకొని వదులు చేసేస్తారు. అన్నయ్య దగ్గర పని నేర్చుకుంటున్న అతను ఒక ఉదయం సరిగ్గా అదే చేశాడు. ఆ రోజు సముద్రం ఒడ్డున బాప్తిస్మాలు. పాస్టరు గారు నడుం లోతు నీళ్లలో నిలబడి ఉన్నారు. అన్నయ్య మొదటి ఫొటో తీసి మీట తిప్పాడు. మీట చేతిలోకి వచ్చింది, స్క్రూ ఇసుకలో పడింది.

"ఎవురూ కాలు కదపబాకండి!" అని అరిచింది వదిన.

సంఘమంతా రాళ్లలాగా నిలబడిపోయింది. నీళ్లలోంచి పాస్టరు గారు, "అక్కా, అలలు కొడతా ఉండాయి, నేనైనా పైకి రావచ్చునా?" అని అడిగారు.

"రాబాకండి అన్నా! తడి కాళ్లకి ఇసకతో పాటు అంటుకొని పోతాది."

విందు కోసం తెచ్చిన వంట సామానులోంచి రవ్వ జల్లెడ తెప్పించింది. ఆడవాళ్లమందరం వంతులు వేసుకొని ఇసుక జల్లించాం. ఒక గాలం దొరికింది, ఎవరిదో చంటిబిడ్డ చెవి పోగు దొరికింది. స్క్రూ దొరకలేదు. పాస్టరు గారికి ఆ సాయంత్రం జలుబు చేసింది.

అన్నయ్య వేరే కెమెరా కొనుక్కున్నాడు. కానీ చేతికి అది అలవాటు పడలేదు. "దీని మీట చప్పుడు వేరు," అనేవాడు. పాతదాన్ని బీరువా మీద పెట్టాడు. దానికి స్క్రూ వెతికి తెస్తానని వదిన మాటిచ్చింది. అది దొరక్కముందే ఆయన పోయాడు. వదిన మాత్రం వెతకడం మానలేదు.

ఊడిన మీటను ఒక చిన్న మందు డబ్బాలో పెట్టి, కొంగున కట్టుకొని తిరిగేది. నెల్లూరు వస్తే వాచీ కొట్లు, కళ్లజోళ్ల కొట్లు. మద్రాసు పోతే పేవ్‌మెంటు మీద పాత సామాను అమ్మేవాళ్లు. తనకు వచ్చిన నాలుగు ముక్కల అరవంలో అడిగేది. "సేమ్, సేమ్" అని వాళ్లు దోసిలి నిండా పోసేవాళ్లు. ఆమె ఒక్కొక్కటీ పట్టకారుతో ఎత్తి మీట సందులో పెట్టి చూసి, మళ్లీ వాళ్ల దోసిట్లోనే పోసేది. ఎండలో పక్కన నిలబడి నేను విసుక్కునేదాన్ని. ఒకసారి ఒక కొట్లో అచ్చం అదే కెమెరా దొరికింది. కొనమన్నాను. వదిన దాన్ని చెవి దగ్గర పెట్టుకొని మీట తిప్పింది.

"ఇది బతికే ఉండాది. ఊపిరి ఉన్నదాన్ని విప్పకూడదు," అని తిరిగి ఇచ్చేసింది.

చివరికి నిరుడు, మూతపడిన ఒక స్టూడియో అటక మీద, పూర్తిగా చెడిపోయిన కెమెరాలో ఆ స్క్రూ దొరికింది. వదిన ఫోన్‌లో ఏడ్చింది. నేను ఫిల్ము రోలు ఒకటి సంపాదించుకొని మర్నాడు పొద్దున్నే కోట బస్సెక్కాను. మొదటి ఫొటో అన్నయ్య సమాధి దగ్గర తీయాలని ఇద్దరం అనుకున్నాం.

బల్ల మీద తెల్ల టవలు, దాని మీద అన్నయ్య కెమెరా, పక్కన స్క్రూ. అంతలో విడవలూరు నుంచి ఒక కాలేజీ పిల్ల వచ్చింది. చేతిలో వాళ్ల తాతది, అదే రకం కెమెరా. దానికీ మీట ఊడింది. దానికీ అదే స్క్రూ లేదు.

"తాత మంచంలో ఉన్నాడు అవ్వా. చూపు పోయింది," అంది ఆ పిల్ల. "కెమెరా బాగైందంటే నమ్మడు. మీట తిప్పితే ఆ చప్పుడు పోల్చుకుంటాడు. ఒక్కసారి వినాలంటాడు."

వదిన నా వైపు చూసింది. నాకు విషయం అర్థమైంది. "వద్దు వదినా," అన్నాను. ఆమె అప్పటికే పట్టకారు అందుకుంది. స్క్రూను ఆ పిల్ల కెమెరాలో పెట్టి, ముందు కుడికి తిప్పింది, టిక్ అనగానే ఎడమకు బిగించింది. మీట తిప్పి చూసి ఆ పిల్ల చేతిలో పెట్టింది.

పిల్ల వెళ్లాక నేను ఊరుకోలేదు. "ఇన్నేళ్లు వెతికింది ఊరోళ్లకి ఇవ్వడానికా? నువ్వు మాటిచ్చింది మా అన్నకి!" అన్నాను.

"మీ అన్నకి తొందర లేదు మే," అంది వదిన, టవలు మడత పెడుతూ. "వాళ్ల తాతకి ఉండాది."

నేను అన్నం తినకుండా బస్సెక్కాను. ఆ రోజు నేను చెప్పింది న్యాయమేనని ఇప్పటికీ అంటాను. మాట అన్నయ్యకు ఇచ్చినది. వదినకు కూడా ఆ సంగతి తెలుసు, అందుకే మళ్లీ డబ్బా కొంగున కట్టుకుంది. రెండోది దొరకలేదు.

వదిన సమాధి కార్యక్రమం అయిన మూడో రోజు ఆ విడవలూరు పిల్ల కోట ఇంటికి వచ్చింది. తాత పోయాడట. మీట చప్పుడు విని నవ్వాడట, ఇంకోసారి, ఇంకోసారి అని అడిగి తిప్పించుకున్నాడట. చెప్పి, కెమెరానూ ఒక చిన్న స్క్రూడ్రైవరునూ నా ముందు పెట్టింది.

"ఈ స్క్రూ మీ ఇంటిది అవ్వా. విప్పి తీసుకోండి."

ఇచ్చిన వస్తువు తిరిగి వస్తే వద్దనడం నా అలవాటు కాదు. స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకున్నాను కూడా.

"లోపల ఫిల్ము ఉందా?" అని అడిగాను.

"ఉంది. జువ్వలదిన్నెలో పడవలు తీస్తున్నా. ఇంకా కొన్ని మిగిలినాయి."

"ఒకసారి తిప్పు."

తిప్పింది. కళ్లు మూసుకున్నాను. స్టూడియో తెర వెనక నుంచి అన్నయ్య, "కదలొద్దు, ఇంకొకటి," అంటున్నప్పుడు వినిపించే చప్పుడు అదే. స్క్రూడ్రైవరు ఆ పిల్లకే ఇచ్చేశాను. మిగిలిన పడవలు కూడా తీసి, ఫొటోలు తెచ్చి చూపించమన్నాను.

అన్నయ్య కెమెరా ఇప్పుడు నెల్లూరులో నా దగ్గర ఉంది. దానితో పాటు ఆ మందు డబ్బా కూడా తెచ్చుకున్నాను. వచ్చే వారం కంటి పరీక్షకు మద్రాసు పోవాలి, పనిలో పనిగా ఆ పేవ్‌మెంటు దాకా పోయి రావాలి. కోట నుంచి తిరిగి వచ్చేటప్పుడు బస్సులో డబ్బాను కొంగున ముడివేసుకున్నాను. రోడ్డు బాగా లేదు. గుంత వచ్చినప్పుడల్లా లోపల మీట ఒక్కసారి ఎగిరి, టిక్‌మని పడుతూ వచ్చింది.