ఎదురింటి టీవీని కట్టేసిన రిమోట్

నా చిన్నప్పుడు, పదకొండేళ్లకే, ఒక డీవీడీ ప్లేయరు బేరంలో యాభై రూపాయలు తెగ్గొట్టిన ఘనురాలిని నేను. ఉక్కునగరంలో క్వార్టర్ ఖాళీ చేస్తున్న ఒకాయన దాన్ని అమ్ముతున్నాడు. దాని రిమోట్‌తో టీవీ కూడా నడుస్తుందనీ, టీవీ మీట నొక్కిపట్టి మన టీవీ కంపెనీ నంబరు కొడితే చాలనీ, నంబర్లన్నీ పుస్తకంలో ఉన్నాయనీ చెప్పాడు. పుస్తకం మాకొద్దు, ఆ మేరకు తగ్గించండి అన్నాను. ఆయన తెల్లబోయి తగ్గించాడు. గోపాలపట్నంలో ఫ్యాన్సీ షాపు నడిపే మా అమ్మ, ఆ సాయంత్రం గాజులకొచ్చిన వాళ్లందరికీ నా తెలివి గురించి చెప్పింది.

మర్నాటికి ఆ తెలివి ఏపాటిదో తెలిసింది. మా టీవీ రిమోట్ ఎప్పుడో పాడైంది, కొత్త దానికి నంబరు తెలీదు. సున్నా ఒకటితో మొదలుపెట్టి ఒక్కొక్కటే కొడుతూ సెలవు రోజంతా కూర్చున్నాను. అరవై దాటాక మా టీవీ టక్కున ఆగిపోయింది. సంబరంగా కిటికీ వైపు తిప్పి మళ్లీ నొక్కాను. సందు అవతల ఎదురింటి మామ్మ టీవీ కూడా ఆగిపోయింది!

ఆశ్చర్యపడాల్సింది లేదు. రెండు కొంటే రేటు తగ్గుతుందని మా అమ్మ, మామ్మ ఒకే రోజు ఒకే కంపెనీవి కొన్నారు. మామ్మ పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. మోకాళ్లు అరిగిపోయి చర్చికి వెళ్లలేకపోయేది. ఆదివారం ఆరాధన టీవీలోనే చూసేది. తన రిమోట్‌ని మాత్రం అరిగిపోతుందని కవరేసి బీరువాలో దాచి, టీవీని గోడ స్విచ్‌తోనే నడిపేది.

"ఓలమ్మీ, ఓపాలి రాయే, టీవీ ఆగిపోనాది!" అని కేకేసింది.

రిమోట్ గౌనులో దాచుకుని వెళ్లి, టీవీ నెత్తి మీద రెండు దెబ్బలు వేసి, చాటుగా మీట నొక్కాను. వెలిగింది. మామ్మ నా తల నిమిరి, డబ్బాలోంచి గులాబీ పువ్వులు తీసిచ్చింది. కరకరలాడే ఆ పిండివంట కోసం వారంలో నాలుగుసార్లు ఆ టీవీ పాడైంది, నాలుగుసార్లూ నేనే బాగుచేశాను.

అయిదోసారి కిటికీలోంచి రిమోట్ ఎత్తితే ఎదురుగా ఖాళీ బల్ల. పరుగెత్తాను. "పాత సామాన్లోడికి ఇచ్చీసేనమ్మా," అంది మామ్మ. "మాటిమాటికీ ఆగిపోతంది. నీ సదువు మానిపించి పిలవడం నాకే సిగ్గేసింది."

నన్ను ఇబ్బంది పెట్టకూడదని అమ్మేసింది! పువ్వులు పెట్టబోతే వద్దని ఇంటికొచ్చేశాను. అంత మాటకారిని, రెండు వారాలు నోరు విప్పలేదు. ఆదివారం పొద్దున్న పాటలు వినిపించే ఆ ఇంట్లోంచి మామ్మ దగ్గు ఒక్కటే వినిపించేది. రెండో ఆదివారం ఆ దగ్గు వినలేక వెళ్లి, రిమోట్ ఆమె ఒళ్లో పెట్టి అంతా చెప్పేశాను.

"నువ్వా?" అంది. రిమోట్‌ని అటూఇటూ తిప్పి చూసింది. తిట్టలేదు. దాన్ని నాకే ఇచ్చేసి, "ఆటో పిలు. దాన్ని తెచ్చుకుందాం," అంది.

సామాన్ల షాపాయన పన్నెండు వందలు అన్నాడు. మామ్మ దగ్గర కొన్నది ఎనిమిది వందలకి. టీవీ పెట్టి చూపించాడు, బొమ్మ నిక్షేపంలా ఉంది. గంట క్రితమే ఏడ్చి తప్పు ఒప్పుకున్న నేనే, సంచి మూతి టీవీ వైపు తిప్పి, లోపల చెయ్యి పెట్టి మీట నొక్కాను. టీవీ ఆరిపోయింది. "చూశారా? ఆగిపోయే టీవీకి పన్నెండొందలా? ఎనిమిదికే ఇచ్చెయ్యండి," అన్నాను. మామ్మకి మేలు చేస్తున్నాననే అనుకున్నాను, ఒట్టు.

మామ్మ నా సంచిలో చెయ్యి పెట్టి, రిమోట్ తీసి, ఆయన ఎదుటే టీవీ వెలిగించింది. "దీనికేటీ కానేదు బాబూ. మా గుంట ఆపింది, ఈ పిల్లే. పన్నెండొందలే తీసుకో."

నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. గెలిచే బేరాన్ని తనే పాడుచేసుకున్న మనిషిని నేను అంతవరకు చూడలేదు. షాపాయన నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు గానీ, రూపాయి కూడా తగ్గించలేదు. ఆటోలో మామ్మ ఒక్క మాటే అంది: "గతుకులొస్తాయి, గట్టిగా పట్టుకో."

నేనిప్పటికీ బేరమాడతాను. పూర్ణా మార్కెట్లో నన్ను చూసి మొహం తిప్పుకునే కొట్లున్నాయి. కానీ బాగున్న సరుకుని ముందు బాగుందని అన్నాకే రేటు అడుగుతాను. దానివల్ల నాకు కలిసొచ్చింది ఏమీ లేదు. పోయినేడు ఫ్రిజ్ దగ్గరే వెయ్యి ఎక్కువ పెట్టాను.

ఆనాటి లెక్క ఇది: రేటులో తేడా నాలుగు వందలు, ఆటోకి అరవై. మొత్తం నాలుగు వందల అరవై మా అమ్మ ఆ సాయంత్రమే, సంగతి తెలిసి నా చెవి మెలిపెట్టి, మామ్మకి కట్టేసింది. పాటలు లేని ఆ రెండు ఆదివారాలకి ఎంతవుతుందో మామ్మ చెప్పలేదు. నాకూ అడిగే ధైర్యం లేకపోయింది.