ఫుజినో బండికి బిగించిన నట్లు

నరుమి తొరావో భార్య ఫుజినో యాభై దాటాక బండి నడపడం నేర్చుకుంది. పరీక్ష తప్పినప్పుడల్లా మా ఇతయనగి ఊరి ఆడవాళ్ళందరికీ తనే చెప్పి నవ్వేది. "ఆపిల్ చెట్లయితే ఉన్నచోటే ఉంటాయమ్మా. రోడ్డు మీద మనుషులు కదులుతారు, అదే చిక్కు" అనేది. చివరికి లైసెన్సు చేతికొచ్చాక వాళ్ళ ఆపిల్ తోట పనులకు ఉన్న చిన్న ట్రక్కు ఆవిడదైపోయింది. పండ్ల పెట్టెలు, ఊరగాయ జాడీలు, పక్క ఊళ్ళో ఉన్న అక్క తోమి, అన్నీ అందులోనే తిరిగేవి.

ఆ బండికి తెల్ల చక్రాలు వేయించాలని ఫుజినో సరదా. తొరావో ఎవరికీ చెప్పకుండా టైర్ల కొట్టు ఒనోదెరా దగ్గర బయటి కంపెనీ చక్రాలు తెప్పించాడు. ఒనోదెరా అతనితో కలిసి చదువుకున్నవాడు.

"ఒరే తొరావో, పాత నట్లు వీటికి వెయ్యకు. బండితో వచ్చినవాటి అడుగు బంతిలా గుండ్రంగా ఉంటుంది. ఈ చక్రం రంధ్రం గరాటులా ఉంది, చూడు. నట్టు అడుగు కూడా ఏటవాలుగా ఉంటేనే అందులో నిండుగా కూర్చుంటుంది."

"మర ఒకటేగా? ఎక్కుతాయి కదా?"

"ఎక్కుతాయి. ఎక్కాయి కదా అని నువ్వు నమ్మేస్తావు, అక్కడే ప్రాణం మీదికొస్తుంది. సరైనవి సోమవారానికి తెప్పిస్తా, ఆగు."

తొరావో ఆగుదామనే అనుకున్నాడు. కానీ చక్రాలు చూడగానే ఫుజినో చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "పెళ్ళినాడు కట్టిన తెల్ల కిమోనో కూడా ఇంత తెల్లగా లేదు కదయ్యా! ఇప్పుడే బిగించు, అక్కకి చూపించొస్తా" అంది. రెండు రోజులకేం అవుతుందిలే అనుకుని అతను పాత నట్లే పెట్టాడు. ఒంటి బరువంతా పానా మీద వేసి బిగించాడు. ఒక్కటీ కదల్లేదు. అతని మనసు కుదుటపడింది.

సోమవారం ఒనోదెరా ఫోన్ చేశాడు, నట్లు వచ్చాయని. తోటలో కొమ్మలు కత్తిరించే రోజులు. రేపొస్తానన్నాడు తొరావో. ఆ మర్నాడూ అదే మాట. ఆ వారం చివర ఫుజినో అన్నం వడ్డిస్తూ, "ఎడంవైపు ఏదో టకటకమంటోందయ్యా" అంది.

"పాతబండి చప్పుడు చెయ్యక పాటలు పాడుతుందా?" అని తొరావో నవ్వాడు. ఆవిడా నవ్వింది.

మర్నాడు పొద్దున్న అక్క ఇంటి నుంచి తిరిగొస్తుంటే కాలువ గట్టు మీద ముందు ఎడమ చక్రం ఊడిపోయి బండి కాలువలో పడింది. మంచు కరిగి కాలువ నిండుగా పారుతోంది. బండిని పైకి లాగేసరికి ఫుజినో ప్రాణం లేదు. పోలీసులు తెల్ల చక్రాన్ని తెచ్చి చూపించారు. రంధ్రాల అంచులు అరిగి కోలగా సాగిపోయి ఉన్నాయి.

ఒనోదెరా వచ్చి వాకిట్లోనే కూలబడ్డాడు. "నేనే తెచ్చి బిగించి పోవాల్సిందిరా" అని ఏడ్చాడు. తొరావో ఏడవలేదు. ఎవరైనా తనను తిడితే బాగుండునని చూశాడు. ఎవరూ తిట్టలేదు.

అంత్యక్రియల తర్వాత తన ఇంటికి వచ్చిన తొరావో పక్కన తోమి కూర్చుని, "చక్రాలు చూపించడానికని నన్ను వీధిలోకి లాక్కెళ్ళింది తొరావో. ఎంత మురిసిపోయిందో" అంది.

"వదినా, చప్పుడొస్తోందని ముందురోజే చెప్పింది. నేను నవ్వాను."

తోమి లేచి లోపలికి వెళ్ళింది. అతను వెళ్ళిపోయేదాకా బయటికి రాలేదు. ఆ తర్వాత తొరావో ఆ ఇంటి గడప తొక్కలేదు.

తొరావో తోట కౌలుకిచ్చేశాడు. మంచులో జారకుండా అందరూ చలికాలం టైర్లు మార్చే రోజులొస్తే ఒనోదెరా కొట్లోనే ఉంటాడు. జీతం లేదు, పనివాడన్న పేరూ లేదు. పోయిన చలికాలం చిహయా అనే అమ్మాయి తన చిన్న ట్రక్కుకి గులాబీరంగు నట్లు కావాలని వచ్చింది. తొరావో ఆమె చక్రం ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రంధ్రంలో వేలు తిప్పి, నట్టు అడుగు చూసి, మళ్ళీ రంధ్రం చూశాడు.

"ఏంటి తాతా, నట్టుకి పెళ్ళిచూపులా?" అని ఆ పిల్ల నవ్వింది.

"అవునమ్మా. ఈ గులాబీది ఈ చక్రానికి కుదరదు. దీని అడుగు వేరు. మరలు కూడా దగ్గర దగ్గరగా ఉన్నాయి, నీ బోల్టువి ఎడంగా ఉన్నాయి. బలవంతంగా తిప్పితే రెండూ పాడవుతాయి. సరైనదైతే చేత్తో తిప్పినా సాఫీగా లోపలికి పోతుంది. పానా ఆ తర్వాతే" అంటూ ఒక నల్ల నట్టు ఆమె చేతిలో పెట్టాడు.

"రంగే లేదు తాతా అందులో!"

"లేదు. నల్లదే తీసుకో."

మూతి ముడుచుకుంటూనే తీసుకుంది. అతను నట్లను వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించి, వంద కిలోమీటర్లు తిరిగాక బిగువు చూడాలి, మళ్ళీ రమ్మన్నాడు. ఆమె రాలేదు. తొరావో బస్సెక్కి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి, వాళ్ళమ్మ వింతగా చూస్తుంటే, ఒక్కో నట్టూ సరిచూసి వచ్చాడు.

ఈ వసంతంలో ధైర్యం చేసి తోమి ఇంటికి ఆపిల్ పెట్టె పట్టుకెళ్ళాడు. ఆవిడ తలుపు దగ్గరే అందుకుంది.

"తిండి సరిగ్గా తింటున్నావా?" అంది.

"తింటున్నా వదినా."

లోపలికి రమ్మని అనలేదు. అతనూ అడగలేదు. వంగి దణ్ణం పెట్టి, కాలువ గట్టు మీద కాకుండా పొలాల మీదుగా చుట్టు తిరిగి ఇంటికి నడిచాడు.